ముందే నింపిన సూది

జాకెట్‌కు చేతులు అతికిస్తుంటే ఎడమ దవడ లాగింది. పన్ను నొప్పి అనుకున్నాను. కాసేపటికి ఆ లాగడం భుజంలోకి, అక్కడి నుంచి వీపులోకి దిగింది. ఫ్యాను కింద కూర్చున్నా ఒళ్లంతా చల్లటి చెమట. శ్రావణమాసం, పెళ్లిళ్ల రోజులు. అమీర్‌పేట హాస్టళ్ల పిల్లలందరికీ జాకెట్లు ఇవాళే కావాలి. కానీ మిషన్ తొక్కుదామంటే కాలు రావడం లేదు.

"పొద్దస్తమానం మిషన్ మీదనే ఉంటివి, చెయ్యి గుంజదా మరి?" అంది మా అత్తమ్మ దేవవ్వ. ఉప్పు, ఎండు మిరపకాయలు తెచ్చి నా చుట్టూ మూడుసార్లు తిప్పి పొయ్యిలో వేసింది. "చూసినవా అనితా, జర్రంత సుత ఘాటు రాలే. గంత దిష్టి తాకింది నీకు. ఇగ తగ్గుతది తియ్." ఆ తర్వాత అన్నం వార్చాలని గుర్తు చేసింది. వార్చాను. చెప్పుకోవడానికి నాకే సిగ్గుగా ఉంది, గంజి వంపుతూ రెండుసార్లు గోడ పట్టుకున్నాను.

బట్టల షాపులో ఉన్న మా ఆయన శ్యాంసుందర్‌కి ఫోన్ చేశాను. పెద్దాసుపత్రికి పోదాం, జర రమ్మన్నాను.

"గ్యాసే అయ్యుంటది. నిన్న మిర్చి బజ్జీలు తిన్నవ్ గదా! గంత దానికి ఎమర్జెన్సీ ఎందుకే? మన మహిపాల్ ఉన్న క్లినిక్‌కు పో. నేను ఫోన్ చేసి చెప్త."

పోయిన ఏడాది ఆయనకు ఛాతీలో పట్టేసినట్టు ఉంటే, ఎంగిలి చెయ్యి కూడా కడుక్కోనివ్వకుండా పంజాగుట్టలో పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి తీసుకెళ్లాం. రెండు రోజులు ఉంచుకుని గ్యాస్ అని చెప్పి పంపించారు. ఎవరూ నవ్వలేదు. "మంచిగైంది, చూపించుకున్నం" అని అత్తమ్మ దేవుడికి దండం పెట్టుకుంది. నాకు మాత్రం ఇరవై రెండేళ్లుగా ఏ నొప్పి వచ్చినా ఈ ఇంట్లో దానికి ముందే ఒక పేరుంటుంది. తలనొప్పైతే ఎండ, నడుం నొప్పైతే నెలసరి, ఆయాసమైతే లావు. రేపు నాది కూడా గ్యాసే అని తేలితే బతికినంత కాలం దెప్పుతారు. గ్యాస్ కాకపోతే? ఆ మాట పూర్తిగా అనుకోవడానికే భయం వేసింది. జాకెట్ల సంచి మూలకు తోసి, చెప్పులు వేసుకుని కిందికి దిగాను.

ఆటో నడిపే ముసలాయనకు క్లినిక్ పేరు చెప్పాను. చౌరస్తాలో మెట్రో స్తంభాల కింద బండ్లన్నీ ఆగిపోయాయి. ఊపిరి సగం దాకా వచ్చి ఆగుతోంది. అప్పుడే క్లినిక్ కాంపౌండర్ మహిపాల్ ఫోన్ చేశాడు.

"వదినా, యాడిదాక వచ్చినవ్? శ్యామన్న అంత చెప్పిండు. గ్యాస్ సూది నింపి పెట్టిన. డాక్టర్ సాబ్ సాయంత్రం వస్తడు గానీ నువ్వేం ఫికర్ చేయకు, నేనే ఏస్త. ఐదు నిమిషాల పని."

నా చెయ్యి ఎవరూ పట్టి చూడలేదు. నొప్పి ఎక్కడ మొదలైందో ఎవరూ అడగలేదు. నేను ఇంకా దారిలోనే ఉన్నాను, అక్కడ సూది నిండిపోయింది. కోపంతో ఏడుపొచ్చింది. ఏడవడానికి కూడా ఊపిరి చాల్లేదు.

సిగ్నల్ దాటగానే క్లినిక్ బోర్డు కనిపించింది. ఆటో నెమ్మదించి పక్కకు తిరగబోయింది. ఎడమ చేతిలో ఉన్న పర్సు కిందపడింది. అది జారిపోతున్న సంగతి నా వేళ్లకు తెలియనే లేదు.

"ఆపకు చాచా" అన్నాను. "సీదా పంజాగుట్ట పోనియ్. పెద్దాసుపత్రి, ఎమర్జెన్సీకి."

"అయ్యో! ఎవరు సీరియస్ ఉన్నరమ్మా ఆడ?"

ఆ ముసలాయన తప్పేముంది? మా మామయ్య పడిపోయినప్పుడు, మా ఆయనకు ఛాతీ పట్టేసినప్పుడు, అత్తమ్మ తుంటి విరిగినప్పుడు, ఆ ఎమర్జెన్సీ గుమ్మం దగ్గర నేను ఫ్లాస్కు, దుప్పటి పట్టుకుని నిలబడ్డదాన్నే. లోపల మంచం మీద పడుకునే మనిషి నేనూ కావచ్చని నాకే తోచలేదు.

"నేనే" అన్నాను. "జర జల్ది పోనియ్."