ఊకొట్టడానికి గ్రాంటు

ఊకొట్టడానికి కూడా జీతమా అన్నది నేను కాదు, నా పక్కన కూర్చున్న బట్టల కొట్టాయన, కానీ నోటికి ఫైలు అడ్డం పెట్టుకుని నవ్వింది మాత్రం నేనే, ఆ మాట నా నోట్లోంచి జారి ఆయన నోట్లో పడ్డట్టుంది, రెండేళ్ళుగా నేననుకుంటున్నదీ అదే, మైకు ముందు నిలబడ్డ ఈ కౌన్సెలింగ్ ఆవిడ చేసే ఉద్యోగమల్లా ఎదుటివాడు చెప్పుకుంటుంటే ఊఁ కొట్టడం, ఊఁ, చెప్పండి, ఊఁ, అప్పుడు మీకేమనిపించింది, దానికి వార్డు సొమ్ము, జనం కట్టిన పన్నులు, ఏడాదికోసారి మున్సిపల్ ఆఫీసు రెండో అంతస్తులో మా ఆరోగ్య కమిటీ ముందుకొచ్చి మూడు నిమిషాలు అడుక్కోవడం, అవునమ్మా, అడుక్కోవడమే, దానికి విన్నపమని పేరు పెట్టినంత మాత్రాన చెయ్యి చాచడం ఇంకోటైపోతుందా, ఈ హాల్లో ఫ్యాను తిరిగేది తక్కువ టకటకలాడేది ఎక్కువ, మైకు కీచుమంటోంది, గుమస్తా బల్ల మీద గంట పెట్టుకుని వాచీ చూస్తున్నాడు, మూడు నిమిషాలు కాగానే ఠంగుమనిపిస్తాడు, ఎప్పుడు మోగుతుందా అని నేనూ చూస్తున్నాను.

ఈసారి డబ్బు ఒక్కదానికే సరిపోతుంది, ఆవిడ నడిపే మానసిక ఆరోగ్య కేంద్రానికి ఇంకో ఏడాది, లేదా కాన్పుల ఆసుపత్రికి కొత్త జనరేటరు, ముప్పై ఒక్క ఏళ్ళు ఆ ఆసుపత్రిలో నర్సుగా చేశాను, చివరి తొమ్మిదేళ్ళూ హెడ్ నర్సుని, కరెంటు పోయి పాత జనరేటరు దగ్గి దగ్గి ఊరుకుంటే టార్చి లైటు పళ్ళ మధ్య పట్టుకుని కుట్లు వేసినదాన్ని, నొప్పంటే ఏంటో నాకు ఎవరూ క్లాసు పీకక్కర్లేదు, కమిటీలో మేం అయిదుగురం, డ్రైవింగ్ స్కూలావిడా, లెక్కల మాస్టారూ ఊకొట్టే కేంద్రం వైపున్నారు, బట్టల కొట్టాయనా నేనూ జనరేటరు వైపు, చైర్మన్‌గారు గాలివాటం, కాకపోతే ఆయన ఇద్దరు కూతుళ్ళనీ ఈ చేతుల్తోనే బయటికి తీశాను కాబట్టి నేనెటు చెయ్యెత్తితే ఆయనా అటే, అంటే తీర్పు నాది, ఆ సంగతి ఆవిడకీ తెలుసు, అందుకే నా వైపు చూడకుండా చైర్మన్‌గారి వైపు చూస్తూ చెబుతోంది, లైబ్రరీ వెనక గది, ఇద్దరు మనుషులు, వారానికి అరవై మంది వస్తున్నారు, మందులు మానేసినవాళ్ళ ఇళ్ళకి మేమే వెళ్తాం, తాగుడు మానాలనుకునేవాళ్ళకి శనివారాలు, అంటూ, బట్టల కొట్టాయన ఊరుకోలేక ఇందాకటి మాట ఈసారి గట్టిగానే అనేశాడు, అమ్మా, ఊఁ అనడానికి మా ఆవిడ నా దగ్గర జీతం అడగదే అని, హాలంతా గొల్లుమంది, ఆవిడ మొహం ఎర్రబడుతుందేమోనని ఆశగా చూశాను, ఎర్రబడలేదు, ఊఁ అనడం తేలికే సార్, ఎక్కడ అనకూడదో తెలుసుకోడానికే నాకు ఆరేళ్ళు పట్టింది అంది, ఈసారి నవ్వు ఆవిడ వైపు తిరిగింది, ఒళ్ళు మండిపోయింది నాకు, గంట మోగింది.

ఎక్కడ అనకూడదో తెలుసట, నా తమ్ముడి దగ్గర ఎక్కడ అన్నావు, ఎక్కడ అనలేదు, ఏం నూరిపోశావు, నాకన్నా పదమూడేళ్ళు చిన్నవాడు, అమ్మ పోయేనాటికి వాడికి ఆరేళ్ళు, నా పెళ్ళినాడు నాతోపాటే ఇంటికి తెచ్చుకున్నాను, నాకు పిల్లల్లేరు, మా ఆయన పోయాక ఇంట్లో మిగిలింది వాడూ నేనూ, కరెంటు ఆఫీసులో లైన్‌మన్, కోతిపిల్లలా స్తంభాలెక్కేవాడు, వాడి జోడీని అందరూ పొట్టోడనేవాళ్ళు, ఒకరెక్కితే ఒకరు కింద నిచ్చెన పట్టుకునేవాళ్ళు, ఒకరోజు పొట్టోడు పైనుండగా ఎవడో అటువైపు కరెంటు వదిలేశాడు, అంతే, ఆ రోజునుంచి నా తమ్ముడు గోడవైపు తిరిగి పడుకున్నాడు, ఎనిమిది నెలలు, గడ్డం గీసుకోవడం లేదు, స్నానం లేదు, నేను ఊరుకుంటానా, లేవరా, పోయినవాడు పోయాడు, నువ్వు బతికే ఉన్నావుగా, కడుపులో బిడ్డ పోయిన ఆడవాళ్ళే వారం తిరక్కుండా లేచి పొయ్యి వెలిగించుకున్నారు, నేను కళ్ళారా చూశాను, నీకేం రోగం, అని రోజూ చెప్పాను, మంచికే చెప్పాను, దున్నపోతు మీద వాన పడ్డట్టే, తర్వాత ఒక మంగళవారం వాడంతట వాడే లేచి చొక్కా తొడుక్కుని ఎక్కడికో వెళ్ళాడు, నా మాట పనిచేసిందనుకున్నాను, పిచ్చిదాన్ని, వాడు వెళ్ళింది ఈవిడ దగ్గరికి, మంగళవారాలూ శుక్రవారాలూ, నాలుగు నెలలు, ఆ తర్వాత ఒకరోజు పొద్దున్నే సంచీ సర్దుకుని, కొన్నాళ్ళు వేరే ఉంటానక్కా అన్నాడు, ఎందుకురా అంటే సంచీ భుజానేసుకుని మెట్లు దిగాడు, ఇప్పుడు సైకిల్ షాపు మీద ఒంటిగది, నెలకోసారి వచ్చి గుమ్మంలో నిలబడి, బాగున్నావా, మందులు వేసుకుంటున్నావా అని అడిగి వెళ్ళిపోతాడు, చుట్టం లాగా.

వెళ్ళి నిలదీశాను ఈవిణ్ణి, లైబ్రరీ వెనక ఆ గదిలో, నాలుగు కుర్చీలు, ఒక గడియారం, బల్ల మీద కాగితపు రుమాళ్ళ డబ్బా, ఏడవమని ముందే ఏర్పాటన్నమాట, నా తమ్ముడు ఇక్కడ ఏం చెబుతున్నాడు అన్నాను, అది నేను చెప్పకూడదమ్మా అంది, నా గురించేనా అన్నాను, అదీ చెప్పకూడదు అంది, ఇల్లు వదిలి పొమ్మని నువ్వేగా చెప్పావు అన్నాను, ఊఁ అనలేదు, ఉహూఁ అనలేదు, మీరు కాసేపు కూర్చోండి అంది, నేను కూర్చుంటానా, కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని మా అమ్మ అనేది, ఇంటి గుట్టు పరాయివాళ్ళ బల్ల మీద పరిచే రకం కాదు నేను, తలుపు ధడాలున వేసి వచ్చేశాను, ఆ కోపం ఇవాళ్టికీ ఆరలేదు, ఆరనివ్వలేదు కూడా, జనరేటరు నిజంగా కావాలి, దాంట్లో అబద్ధం లేదు, కానీ ఆ గదికి తాళం పడుతుంటే చూడాలని ఉందన్నదీ అబద్ధం కాదు, ఒక దెబ్బకి రెండు పిట్టలు.

తర్వాత ఎవరు అని చైర్మన్‌గారు అడిగారు, కేంద్రం తరఫున ఇంకొకరు మాట్లాడతారు అని గుమస్తా కాగితం చూశాడు, వెనక వరసలో కుర్చీ కిర్రుమంది, లేచింది నా తమ్ముడు. గడ్డం గీసుకున్నాడు, చొక్కా ఇస్త్రీ చేసుకున్నాడు, ఎవరు నేర్పారో, నాకు మంట లేచింది, ఎంత ధైర్యం, నేనీ బల్ల దగ్గర కూర్చున్నానని తెలిసే వచ్చాడు, నా ఎదుటే నా మీద చెప్పడానికి పంపిందన్నమాట ఆవిడ, పొద్దున మొదలుపెట్టేముందు ఇక్కడికొచ్చిన వాళ్ళలో మీ బంధువులున్నారా, ఉంటే ఓటెయ్యకూడదు అని గుమస్తా అందరినీ అడిగాడు, లేరన్నాను, అప్పటికి వాడు రాలేదు మరి, ఇప్పుడు చెప్పాలా, చెప్పను, చెబితే నా ఓటు పోతుంది, జనరేటరు పోతుంది, చెప్పు నాయనా, మీ అక్క రాక్షసి అని చెప్పు, మూడు నిమిషాలు నీవి.

నమస్కారమండీ, నేను లైన్‌మన్‌గా చేశాను అన్నాడు, గొంతు సన్నగా ఉంది, మైకు మళ్ళీ కీచుమంది, మూడేళ్ళ క్రితం నా జోడీ స్తంభం మీద పోయాడు, ఆ రోజు పైన ఉండాల్సింది నేను, స్తంభమెక్కేవాళ్ళు కట్టుకునే బెల్టు నా నడుముకే ఉంది, పదకొండు కావస్తోంది, చిన్న పని పడి దిగాను, బెల్టు విప్పి వాడి నడుముకి నేనే కట్టాను, పావుగంటలో వస్తా, ఈలోపు నువ్వు కానియ్యరా అన్నాను, నేనొచ్చేసరికి జనం మూగి ఉన్నారు అన్నాడు, ఈ సంగతి వాడు నాకెప్పుడూ చెప్పలేదు, పైన ఉండాల్సింది తానని, బెల్టు తానే కట్టానని, ఎనిమిది నెలలు ఒకే ఇంట్లో నా కళ్ళ ముందే పడుకుని ఒక్క మాట చెప్పలేదు, ఆవిడకి మాత్రం చెప్పాడు, ముందు నాకు వచ్చింది కోపమే, సిగ్గులేకుండా ఒప్పుకుంటున్నాను, ఇంతలో బట్టల కొట్టాయన ముందుకి వంగాడు, ఈసారి వెటకారం లేదు, అది కాదు బాబూ, ఇంట్లో నీవాళ్ళెవరూ లేరా, వాళ్ళతో చెప్పుకుంటే సరిపోయేదిగా అన్నాడు.

ఉన్నారు సార్ అన్నాడు, నా వైపు చూడలేదు, గోడమీద ఎక్కడో చూస్తున్నాడు, ఉన్నారు కాబట్టే చెప్పలేకపోయాను, చెబితే నా మీది బరువు దిగుతుంది, కానీ అది పోయి వాళ్ళ మీద కూర్చుంటుంది, వాళ్ళు తట్టుకోలేరు, ఈ మేడమ్‌కైతే వినడం ఉద్యోగం, సాయంత్రం గది తాళం వేసుకుని ఇంటికి వెళ్ళిపోవచ్చు, అందుకే అక్కడ చెప్పాను, చెప్పకపోతే నేను కూడా ఉండేవాణ్ణి కాదు సార్, రెండుసార్లు పాత రైలు వంతెన దాకా వెళ్ళి వెనక్కొచ్చాను. గంట మోగించాల్సిన గుమస్తా చెయ్యి గాల్లోనే ఉంది.

బరువు పోయి వాళ్ళ మీద కూర్చుంటుంది, వాళ్ళంటే ఎవరు, వాడికున్నది నేనొక్కదాన్నేగా, నా మీద ఎందుకు కూర్చుంటుంది, చిన్న పని, పదకొండు కావస్తుండగా, ఏం చిన్న పని, ఆ పొద్దున, ఆ పొద్దున నేను చెత్త పారబోయడానికి బయటికొచ్చి తలుపు లాగేసుకున్నాను, తాళంచెవి లోపలే, రెండోది వాడి జేబులో, పక్కింటివాళ్ళు అమ్మా మా ఇంట్లో కూర్చోండి, సాయంత్రం తమ్ముడు వచ్చాక తీస్తాడులే అంటుంటే వినకుండా వాళ్ళ ఫోన్ తీసుకుని, ఎక్కడున్నావురా, నేను మెట్ల మీద నిలబడ్డాను, తక్షణం రా అన్నాను, వచ్చాడు, పరిగెత్తుకునే వచ్చాడు, చెమటలు కారుతూ, ఇంతసేపా అని కసిరాను, పనిలో ఉన్నావా అంటే లేదక్కా, టీ టైములే, ఖాళీగానే ఉన్నాను అన్నాడు, ఆ మాటే నమ్మాను, మూడేళ్ళూ నమ్మాను, ఆ సాయంత్రం వాడు కబురు మోసుకొచ్చి గుమ్మంలో నిలబడితే, నేనేమన్నాను, నేనేమన్నానంటే, సమయానికి నువ్వక్కడ లేవు, అదృష్టవంతుడివిరా అన్నాను, అప్పుడే వాడు గోడవైపు తిరిగాడు.

చెయ్యెత్తండి, ముందు జనరేటరుకి, అంటున్నారు చైర్మన్‌గారు, ఆయన కళ్ళు నా చేతి మీద ఉన్నాయి, బట్టల కొట్టాయన చెయ్యి లేచింది, నా చెయ్యి మాత్రం బల్ల మీదున్న మైకు దగ్గరికి వెళ్ళింది, నా గొంతు నాకే కొత్తగా వినిపించింది, చైర్మన్‌గారూ, నా ఓటు లెక్కపెట్టకండి, ఆ లైన్‌మన్ నా తమ్ముడు, వాడు లేవగానే చెప్పాల్సింది, చెప్పలేదు, ఆ రోజు ఫోన్ చేసి వాణ్ణి కిందికి దింపింది నేనే, తాళంచెవి కోసం. ఇంత మంది ముందు, బయటివాళ్ళ ముందు, నేను. అక్కా వద్దు అన్నాడు వాడు, మైకు వదిలేసి రెండడుగులు ముందుకేసి, నీకు తెలియనివ్వకూడదనే కదా ఇన్నాళ్ళూ దాచింది.

నేను లేకపోతే చైర్మన్‌గారికి దిక్కు తెలియదు, ఎటు ఎక్కువుంటే అటు కలిశారు, కేంద్రానికి మూడు, జనరేటరుకి ఒకటి, గుమస్తా రాసుకున్నాడు, ఆవిడ నా వైపు తిరిగి దండం పెట్టబోయింది, మొహం పక్కకి తిప్పుకున్నాను, నీకోసం కాదమ్మా, నువ్వంటే నాకు ఇప్పటికీ పడదు, ఈ ఏడాది కూడా ఏదో ఒక పిల్ల టార్చి వెలుతురులో కంటుంది, అదీ నా నెత్తినే, మళ్ళీ వస్తాను, జనరేటరు కోసం ఈ బల్ల మీద పోట్లాడతాను, కానీ ఇప్పుడు వాడు వరసల మధ్యనుంచి నా కుర్చీ వైపే వస్తున్నాడు, చిక్కిపోయాడు, కణతల దగ్గర వెంట్రుకలు నెరిశాయి, నేనెప్పుడూ చూడనేలేదు, వీడెవరి మాటా విని ఇల్లు వదల్లేదు, నా మీద అలిగీ పోలేదు, రోజూ నా మొహం చూస్తూ, నా తిట్లు తింటూ, ఆ ఒక్క మాట నోటిదాకా రాకుండా ఆపుకోవడం ఇక వాడివల్ల కాలేదు, చెప్పేస్తానేమోనన్న భయంతోనే వెళ్ళిపోయాడు.