వదిన అందుకున్న మాట

వదినకు పెళ్ళి కాలేదు గానీ మరిది ఉన్నాడు. ఇదెక్కడి వరసని ముక్కున వేలేసుకునేవాళ్ళు ఆ రోజుల్లో రేడియో వినలేదన్నమాట. ఊరంతా పళ్ళు తోముకునే వేళకు మొదలయ్యేది వాళ్ళ కార్యక్రమం. ఆమె ‘వదిన’, అతను ‘మరిది’. స్టేషన్ మేనేజరు ఒకనాడు టీ తాగుతూ సరదాగా తగిలించిన వరస అది. ఆయన ఆ తర్వాత వేరే కొలువు చూసుకుని చక్కాపోయాడు, వరస మాత్రం వీళ్ళకు అతుక్కుపోయింది. శ్రోతలు ఫోన్ చేసి, “అన్నయ్యగారు బావున్నారా?” అని లేని మొగుణ్ణి కుశలం అడిగేవారు. ఇంకా లేవలేదండీ, దుప్పటి లాగితే మీదపడి కరిచేట్టున్నారు అనేది వదిన. అవతలివాళ్ళు పడీపడీ నవ్వేవారు. అలా ఆవిడ గాలిలోనే పెళ్ళి చేసుకుని గాలిలోనే కాపురం చేసింది. నిజం కాపురానికి తీరిక చిక్కలేదు, చిక్కిందనుకునేసరికి వయసు అయిపోయింది.

వాళ్ళ స్టూడియో అంటే రెండు అగ్గిపెట్టెల్లాంటి గదులు, మధ్యన ఒక అద్దం. పాటలు నడిపే బల్ల ఒక గదిలో, ఫోన్లు తీసే బల్ల రెండో గదిలో. మైకు తెరిచి ఉండగా అద్దం అవతలి మనిషికి ఏదైనా చెప్పాలంటే పెదవులు కదపడం తప్ప దారి లేదు. అలా ఏళ్ళ తరబడి ఒకరి పెదవులు ఒకరు చదువుకున్నారు. గొంతు ఆరిపోకుండా మరిది బుగ్గన ఎప్పుడూ ఒక పిప్పరమెంటు ఉండేది. ఉబ్బిన ఆ బుగ్గతో అతనేమంటున్నాడో వదినకు తప్ప ఇంకొకరికి అర్థమయ్యేది కాదు.

ఆ పనికి ఒకటే పెద్ద నియమం, గాలి ఖాళీగా ఉండకూడదు. మాట గానీ పాట గానీ ఏదో ఒకటి నడుస్తూ ఉండాలి. ఒకరు తడబడితే రెండోవాళ్ళు చటుక్కున అందుకోవాలి. మాట తట్టనివాళ్ళు చూపుడువేలు అవతలికి తిప్పితే ‘నువ్వు అందుకో’ అని. రెండోవాళ్ళు అందుకున్నాక మొదటివాళ్ళు ఆ మాట జోలికి మళ్ళీ పోకూడదు. పోయారా, తడబడిన సంగతి ఊరందరికీ తెలిసిపోతుంది. అందుకోవడంలో వదినను మించినవాళ్ళు లేరు. మరిదికి తుమ్ము వచ్చేలోపే ఆవిడ మాట మొదలైపోయేది.

తర్వాత రోజులు మారాయి. పాటలు నడపడానికి కంప్యూటరు వచ్చింది. దానికి జీతం అక్కర్లేదు, టీ అక్కర్లేదు, తుమ్ము అసలే రాదు. రేడియో జాకీలందరూ తలోదిక్కూ అయ్యారు. ఊపిరి తీసుకోకుండా ప్రకటనలు చదివే కుర్రాడు కూరగాయల మార్కెట్లో వేలంపాట పాడే పనిలో చేరాడు. జోలపాటల అక్క ఫోన్లో బీమా అమ్మేది. ఆవిడ గొంతు వింటే నిద్రొచ్చి జనం ఫోన్ పెట్టేసేవారట, పాపం. పాతపాటల బాబాయి ఎక్కడా చేరకుండానే కన్నుమూశాడు. అందరూ ఒక చోట చేరింది ఆ రోజే. ఎవరూ మాట్లాడలేక నిలబడిపోతే, రేడియో మనుషులమై ఉండి ఇదేం మౌనమండీ అని మరిదే ఏదో జోకేసి నవ్వించబోయి తానే ఏడ్చేశాడు.

మరిది కారు నడపడం నేర్పే స్కూల్లో మాస్టారయ్యాడు. “ఇప్పుడు నెమ్మదిగా బ్రేకు మీద కాలు పెట్టండి” అని అతను కంచుగొంతుతో అంటుంటే, వినడంలో పడి బ్రేకు వేయడం మరిచిపోయి ఒకామె గోడను గుద్దేసింది. వదినకు బస్టాండులో ప్రకటనలు చేసే ఉద్యోగం దొరికింది. చాలా మాటలు ఒకసారి రికార్డు చేసి పెట్టేసినవే. ఆవిడ గదిలో కూర్చుని సంచీ జిప్పు బాగుచేసుకుంటున్నా, బయట ఆవిడ గొంతు, ప్రయాణికులు దయచేసి వేచి ఉండండి, అని చెబుతూనే ఉండేది.

ఆ గదికే ఒక మధ్యాహ్నం మరిది కూతురు వచ్చింది. కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేసే పిల్ల. తల్లి చిన్నప్పుడే పోతే మరిదే పెంచాడు. వదినను పెద్దమ్మా అని పిలుస్తుంది. వస్తూనే తలుపు మూసి, నాన్న గొంతులో లేచింది మామూలు పుండు కాదని, వచ్చే సోమవారం ఆపరేషనని, స్వరపేటిక మొత్తం తీసేస్తారని ఒక్క గుక్కలో చెప్పేసింది.

“ప్రాణానికి భయం లేదన్నారు పెద్దమ్మా. మాటే ఉండదు” అంది ఆ పిల్ల.

కాసేపటికి వచ్చిన పని చెప్పింది. స్టేషన్లో పాత టేపులన్నిటి మీదా వేరేవి ఎక్కించేశారు, అవి ఎలాగూ లేవు. ఫోన్లో తీసుకున్నవి బోలెడున్నాయి గానీ, ఫోను కనబడితే చాలు నాన్న రేడియో గొంతు పెట్టేస్తాడు. పుట్టినరోజు వీడియోలో కూడా “శ్రోతలందరికీ నమస్కారం” అంటాడు. ఇంట్లో గొంతు వేరు. అది మెత్తగా, కాస్త బొంగురుగా ఉంటుంది. పొద్దుటి డ్యూటీ ముగించుకుని ఇంటికి రాగానే గుమ్మంలోంచి ఆ గొంతుతో తనను ఒక పేరు పెట్టి పిలిచేవాడు. ఆ పేరుతో ఇంకెవ్వరూ పిలవరు, ఇంకెవ్వరికీ తెలియదు కూడా. ఆ ఒక్క పిలుపు రికార్డయితే చాలు, ఇంకేమీ వద్దు. తను అడిగితే సిగ్గుపడి జోకులేస్తున్నాడు. పెద్దమ్మ ఎదురుగా కూర్చుంటే మాటల్లో పడి అనేస్తాడు.

ఏమిటా పేరని వదిన అడిగింది. ఆ పిల్ల చెప్పలేదు. “అది నాన్న నోటితోనే వినాలి” అంది.

ఆపరేషన్‌కు ముందురోజు మరిది బస్టాండుకు వచ్చాడు. బాగా చిక్కిపోయాడు గానీ చొక్కా ఇస్త్రీ మడత నలగలేదు. ప్రకటనల గది గోడలకు స్పాంజి కొట్టి ఉంటుంది కాబట్టి బయటి గోల లోపలికి రాదు. వదిన రికార్డింగు మీట నొక్కింది. మైకు చూడగానే అతనికి ప్రాణం లేచొచ్చింది. బుగ్గన పిప్పరమెంటు సర్దుకుని మొదలెట్టాడు. గోడను గుద్దిన ఆమె కథ చెప్పాడు. బాబాయి గురించి చెప్పాడు. అన్నయ్యగారు ఇప్పటికైనా నిద్ర లేచారా వదినా అని ఆటపట్టించాడు. అంతా రేడియో గొంతే. వదిన ఓపిగ్గా దారిలోకి తెచ్చింది.

“డ్యూటీ దిగి ఇంటికెళ్ళగానే ముందు ఏం చేసేవారు మరిదిగారూ?”

“చెప్పులు విప్పేవాణ్ణి వదినా.”

“తర్వాత?”

“తర్వాత...” అని ఆగాడు. గొంతులోంచి కంచు జారిపోయింది. మెత్తగా, బొంగురుగా, వదిన ఇన్నేళ్ళలో వినని గొంతొకటి బయటికి వచ్చింది. “మా అమ్మాయి తలుపు వెనక దాక్కునేది. నేను చూడనట్టే గుమ్మంలో నిలబడి...”

అక్కడ అతనికి మాట పెగల్లేదు. గుండెల నిండా ఊపిరి తీసుకున్నాడు. గదిలో చప్పుడు లేదు.

వదిన ఏమీ ఆలోచించలేదు. ఆలోచించి ఉంటే ఈ కథే లేదు. గాలి ఖాళీ అయింది, ఆవిడ నోరు దానంతటదే తెరుచుకుంది. “తలుపు వెనకేం ఖర్మ, బల్ల కింద దాక్కున్నా మీకు దొరక్కుండా పోతుందా మరిదిగారూ! అన్నట్టు, ఇంతసేపూ తలుపు వెనక దాక్కున్న మన బస్సు ఒకటి ఇప్పుడు ప్లాట్‌ఫారం మీదికి వస్తోందండోయ్!”

మరిది ఆవిడ వంక చూశాడు. కళ్ళు తడిగా ఉన్నాయి. ఒక్క క్షణం పెదవి కదిలింది, మళ్ళీ మూసుకుంది. అందుకున్న మాట జోలికి పోకూడదు కదా. పిప్పరమెంటును ఈ బుగ్గనుంచి ఆ బుగ్గకు మార్చి, బొటనవేలు పైకెత్తి, బస్సు మీద జోకేశాడు. ఇంకాస్త మాట్లాడాక గొంతు మండుతోందన్నాడు. మెట్లు దిగుతూ వెనక్కి తిరిగాడు.

“బాగా అందుకున్నారు వదినా. చెయ్యి తిరిగిన మనిషి మీరు.”

అతని గొంతులో ఆవిడ విన్న చివరి మాట అదే. ఆ రోజంతా ఆ మెచ్చుకోలుకు మురిసిపోయింది కూడా, పిచ్చి మనిషి.

ఆపరేషన్ బాగానే అయింది. ఆసుపత్రి వరండాలో బెంచీ మీద కూర్చుని, తండ్రి కళ్ళు తెరిచేలోగా ఆ పిల్ల రికార్డు పెట్టింది. ఇయర్‌ఫోను వైరు ఒక కొస తన చెవిలో, ఇంకో కొస పెద్దమ్మ చెవిలో. మొదట్లో నవ్వింది. మెత్తటి గొంతు రాగానే నవ్వు ఆపి వదిన చెయ్యి పట్టుకుంది. గుమ్మంలో నిలబడి, అన్నాడు తండ్రి. ఊపిరి తీసుకున్నాడు. ఆ వెంటనే పెద్దమ్మ వచ్చి పడింది, తలుపు వెనకేం ఖర్మ అంటూ.

ఆ పిల్ల వెనక్కి జరిపి మళ్ళీ విన్నది. మళ్ళీ. ప్రతిసారీ అదే ఊపిరి, అదే పెద్దమ్మ. చివరికి వైరు తీసి చుట్టచుట్టి ఒళ్ళో పెట్టుకుంది. కోప్పడి ఉంటే వదిన తట్టుకునేది.

“ఇంకొక్క క్షణం ఆగి ఉంటే బావుండేది కదా పెద్దమ్మా” అంది, అంతే.

వదిన నిలువునా నీరైపోయింది. ఆ తర్వాత ఆసుపత్రి గుమ్మం తొక్కడానికి మొహం చెల్లలేదు. పనిలో కూర్చుంటే బయట తన గొంతే, దయచేసి వేచి ఉండండి, దయచేసి వేచి ఉండండి అని చెవిలో జోరీగలా పోరుతుంటే చెవులు మూసుకుంది. ఊళ్ళో వాళ్ళందరినీ ఆగమని చెప్పే నోరు తన వంతు వచ్చేసరికి ఒక్క ఊపిరి ఆగలేకపోయింది. ఆ రేడియోను, దాని నియమాలను, తన సొంత నాలుకను కసితీరా తిట్టుకుంది. తిట్టి ఏం లాభం, కోసి తీసిన అతని గొంతు ఏదో ఆసుపత్రి సీసాలో పడి ఎక్కడికో పోయింది.

చివరికి ఆ పిల్లే ఫోన్ చేసింది. నాన్న తలుపు వైపే చూస్తున్నాడని, పలక మీద ‘వదిన’ అని రాశాడని చెప్పింది. వదిన వెళ్ళింది. ఈసారి చచ్చినా నోరు విప్పకూడదని దారి పొడవునా ఒట్లు పెట్టుకుంటూ వెళ్ళింది.

మరిది తలగడలకు ఆనుకుని కూర్చున్నాడు. మెడ చుట్టూ కట్టు, మధ్యలో గొట్టం. బుగ్గలు రెండూ లోపలికి పోయి ఉన్నాయి. ఆవిడను చూసి నవ్వాడు. గాలి ఆ గొట్టంలోంచి బుస్సుమని వచ్చింది. వదిన కుర్చీలో కూర్చుని రెండు చేతులూ ఒళ్ళో బిగించి పట్టుకుంది. నోటి చివరిదాకా మాటలు వస్తున్నాయి, మింగేస్తోంది. గోడ దగ్గరి కుళాయి కింద ఆ పిల్ల ఇటు వీపు పెట్టి గ్లాసు కడుగుతోంది.

మరిది కూతురి వీపు వంక చూశాడు. పెదవులు కదిపాడు. చప్పుడు లేదు, ఆ పిల్ల తిరగలేదు. మళ్ళీ కదిపాడు. కుళాయి పారుతూనే ఉంది. అతని మొహం చిన్నబోయింది. తాను పిలిస్తే పలకని కూతుర్ని అతను ఇంతకుముందు ఎరగడు.

అప్పుడు వదిన వైపు తిరిగాడు. పెదవులు నెమ్మదిగా ఒకదానికొకటి ఆనాయి, విడిపోయాయి, మళ్ళీ ఆనాయి. మధ్యలో అద్దం లేదు, బుగ్గన ఉబ్బు లేదు. అంత తేటగా అతని మాట ఆవిడ ఎన్నడూ చదవలేదు. చదివి తెల్లబోయింది. ఇన్నేళ్ళూ ఆ పేరు అతని నోట్లోనే ఉంది, రోజూ కళ్ళెదుటే అటూ ఇటూ దొర్లింది.

అతను చూపుడువేలు ఎత్తి ఆవిడ వైపు తిప్పాడు.

జన్మలో మొదటిసారి అందుకోవాల్సిన చోట వదినకు మాట రాలేదు. గదిలో నీళ్ళ చప్పుడు తప్ప ఏమీ లేదు. అతను ఆగాడు, వేలు దించలేదు. ఆవిడ గొంతు సవరించుకుంది. వచ్చింది రేడియో గొంతు కాదు, బస్టాండు గొంతూ కాదు, కాస్త బొంగురుగా ఉంది.

“పిప్పరమెంటూ...”

“ఆఁ, వచ్చా నాన్నా” అంది ఆ పిల్ల, కుళాయి కట్టేస్తూ.

అన్నాకగానీ తెలియలేదు, ఆ గదిలో తనను అలా పిలవగలిగే గొంతు లేదని. గిరుక్కున తిరిగింది. పెద్దమ్మను చూసింది, ఇంకా వేలు ఎత్తే ఉన్న తండ్రిని చూసింది. అతను ఆ వేలు మడిచి బొటనవేలు పైకెత్తాడు. గ్లాసులోంచి నీళ్ళు కారి కాళ్ళ మీద పడుతుంటే ఆ పిల్ల అలాగే నిలబడి ఏడ్చింది.

వదిన ఏమీ మాట్లాడలేదు, ఏడవనిచ్చింది.