కొట్టేసిన 13367

పెళ్లయిన మూడో నెలలో కోడలికి మామగారు ఓ కొలువు అప్పగించారు. ఆయన కళ్లకు మసక కమ్మింది. ఆయన నోటితో భాగహారం చేస్తుంటే పుస్తకంలో రాయడం ఆమె పని.

మామగారు లెక్కల మాస్టారు. ఉద్యోగంలో చివరి రోజున ఒక విద్యార్థిని బోర్డు మీద 13366772761 అని రాసి, "ఇది ప్రధాన సంఖ్యేనా సార్?" అని అడిగింది. ఆయన ఒక్క చూపు చూసి అవుననేశారు. ఇంటికొచ్చాక ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. ఒకటితోనూ తనతోనూ తప్ప మరి దేనితోనూ తెగదని తేల్చాలంటే, లక్షా పదిహేను వేల దాకా ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటితోనూ భాగించి చూడాలి. అవి దాదాపు పదకొండు వేలు. రోజుకు మూడో నాలుగో చొప్పున తొమ్మిదేళ్లు గడిచాయి. ఇక నలభై మిగిలాయి.

"ఫోన్లో నొక్కితే క్షణంలో తేలిపోతుంది కదా మామయ్యా."

"అవునన్నది నేనైతే, తేల్చాల్సింది ఫోనా?"

ఆమెకు ఆ పని ముచ్చటగానే ఉండేది. భర్త వెనకగా వెళ్తూ ఆమె జడ లాగి "శేషమెంత మేడమ్?" అంటే పెన్ను తప్పుదారి పట్టేది.

ఒక మధ్యాహ్నం మామగారు కునుకు తీస్తుంటే, ఉండబట్టలేక ఆ సంఖ్యను ఫోన్లో కొట్టింది. 13367తో తెగిపోయింది. గబగబా, భాగించాల్సిన ప్రధాన సంఖ్యలన్నీ రాసిన పాత పట్టీ తిరగేసింది. 13367 మీద పెన్సిలు గీత ఉంది.

భర్త చూసి పాలిపోయాడు. "నేనే కొట్టేశాను. ఉద్యోగం లేక ఖాళీగా ఉన్నప్పుడు నాన్న ఆ పట్టీ తయారుచేయమన్నారు. విసుగొచ్చి, ఇది ఏడుతో పోతుందిలే, ప్రధాన సంఖ్య కాదులే అనుకున్నా."

"ఇప్పుడెలా?"

"చెప్పకు. పది రోజుల్లో అయిపోతుంది. ఆయన సంతోషం ఆయనకుంటుంది."

ఆమె సరేనంది. కానీ సాయంత్రం కుర్చీలో కూర్చుంటూ మామగారు అన్నారు. "ఆ ప్రశ్న అడిగిన పిల్ల అడ్రసు దొరికిందమ్మా. పని కాగానే నా మాట నిజమేనని ఉత్తరం రాద్దాం."

తన చేతి రాతతోనే ఆ అబద్ధం వెళ్తుంది.

"మామయ్యా, ఇవాళ 13367తో భాగిద్దాం."

"అది ఎప్పుడో అయిపోయుండాలే."

"పట్టీలో కొట్టేసి ఉంది."

ఆయన కళ్లు మూసుకుని మొదలుపెట్టారు. తొమ్మిది. మళ్లీ తొమ్మిది. ఇంకో తొమ్మిది. ఒక్కో అంకెకూ గొంతు తగ్గుతూ వచ్చింది. చివరికి నలభై వేల నూట ఒకటి మిగిలింది.

"మూడు సార్లు," అని ఆగిపోయారు. "శేషం నువ్వే చెప్పు తల్లీ."

"సున్నా మామయ్యా."

"ఎవరు కొట్టేశారు?"

"నేనే నాన్నా," అన్నాడు గుమ్మంలో నిలబడ్డ కొడుకు. "ఏడుతో పోతుందనుకున్నా."

"పోదు. నాలుగు మిగులుతుంది."

ఆయన కోడలి వైపు తిరిగి, "కాగితం తీసుకోమ్మా. అది ప్రధాన సంఖ్య కాదని రాయి. చెప్పడానికి తొమ్మిదేళ్లు పట్టిందని కూడా రాయి," అన్నారు.

ఆమె రాస్తూ కూర్చుంది. కొడుకు గుమ్మంలోనే ఉన్నాడు. లోపలికి రమ్మని ఆయన అనలేదు.