జీవాల లెక్క

నా క్లాసులో గొణిగితే నేను ఊరుకోను. కొత్తకోటలో హైవే పక్కనున్న ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో, ఆఖరి సంవత్సరం పిల్లలకు ఇంటర్వ్యూల్లో ఎలా మాట్లాడాలో నేర్పడం నా పని. లోపలికి ఎలా రావాలి, ఎలా కూర్చోవాలి, అడిగినదానికి సూటిగా ఎలా బదులివ్వాలి, ఇవీ నా పాఠాలు. పిల్లలు చాటుగా నాకు ముల్లుగర్ర మేడం అని పేరు పెట్టుకున్నారు. నా అసలు పేరు జాహేదా. ముల్లుగర్ర అన్నందుకు నాకు కోపం లేదు, పొడవనిదే కదలని ఎద్దులు నా క్లాసులో సగం మంది ఉన్నారు.

గొణిగితే నాకు కోపం రావడానికి ఒక కారణం ఉంది. పన్నెండేళ్ల కింద హైదరాబాద్‌లో నా మొదటి ఇంటర్వ్యూలో పేరు తప్ప ఏదీ గట్టిగా చెప్పలేకపోయాను. టేబులుకు అవతల ఉన్నాయన పక్కాయన వైపు చూసి నవ్వాడు. దర్జీ పని చేసే మా అబ్బా బయట నా చెప్పుల దగ్గర కూర్చుని ఉన్నాడు. ఆ నవ్వు ఆయనకూ వినిపించింది. నా పిల్లల్లో ఒక్కరికి కూడా ఆ గతి పట్టకూడదని టీచరైన రోజే అనుకున్నాను. అడగనిదే అమ్మయినా పెట్టదని బోర్డు మీద రాసే ఏటా క్లాసు మొదలుపెడతాను.

నాగరాణి మూడో బెంచీలో గోడవైపు కూర్చునేది. కొత్తకోట నుంచి ఆటోలో అరగంట దూరంలో ఉన్న పల్లె. కురుమలు. ఆమె ఏడో తరగతిలో ఉండగానే తల్లి పోయింది. తండ్రి గోపయ్య గొర్రెల మంద మేపుతాడు, ఇంట్లో అవ్వ అండాలు. మార్కులు బాగానే వచ్చేవి గానీ నోరు పెగిలేది కాదు.

డిసెంబరులో పశువుల బీమా కంపెనీ ఒకటి మా కాలేజీకి వస్తుందని కబురొచ్చింది. ఊళ్లు తిరిగి గొర్రెలు, బర్రెలు చూసి రాసుకొచ్చే ఉద్యోగం. మహబూబ్‌నగర్ ఆఫీసు. ఈ పిల్లకోసమే పుట్టిన ఉద్యోగమని నాకనిపించింది. మంద వెంట పుట్టి పెరిగిన పిల్లకంటే గొర్రె సంగతి ఎవరికి తెలుస్తుంది? వారం ముందు క్లాసులో ఉత్తుత్తి ఇంటర్వ్యూ పెట్టి ఆమెనే మొదట పిలిచాను.

"మీ నాన్న ఏం చేస్తారు?" ఇంగ్లీషులో అడిగాను.

"గొర్రెలు మేపుతారు."

"ఎన్ని?"

నాగరాణి తల వంచుకుంది. "ఉన్నాయి మేడం."

"ఉన్నాయి అంటే? ఎన్ని?"

"మల్లన్న ఇచ్చినన్ని," అంది తెలుగులో. వెనక బెంచీలు పకపకా నవ్వాయి.

నాకు ఒళ్లు మండింది. జీవాల లెక్క నోటితో చెప్పకూడదని కురుమలకు పట్టింపు ఉంటుందని నాకు తెలియక కాదు. ఎన్ని ఉన్నాయని అడిగితే ఏ గొర్రెలకాపరీ అంకె చెప్పడు. చెబితే దిష్టి తగులుతుందని, మంద తరుగుతుందని భయం. వాళ్లు పైకి లెక్కపెట్టరు కూడా, సాయంత్రం దొడ్లోకి వచ్చేటప్పుడు ఒక్కొక్కదాని ముఖం చూసుకుంటారు. అన్నీ తెలిసే అడిగాను. ఆ కంపెనీవాళ్లు అడిగే మొదటి మాట అదే మరి.

"బీమా కంపెనీకి పోయి మల్లన్న ఇచ్చినన్ని అంటవా? అంకె చెప్పనోళ్లకు అక్కడ సున్నా. చెప్పేదాక నిలబడే ఉండు."

ఐదు నిమిషాలు నిలబడింది. నలభై మంది చూస్తున్నారు. ఆఖరికి "నూట ముప్పై రెండు" అంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. నేను చప్పట్లు కొట్టించాను. దేవుడా, ఎంత సంబరపడ్డానో.

ఇంటర్వ్యూ రోజు నాగరాణి వేరే మనిషి. తలుపు బయట నేను చెవి ఒగ్గి విన్నాను. నూట ముప్పై రెండు గొర్రెలున్నాయనీ, ప్రతిదాన్నీ ముఖం చూసి గుర్తుపడతాననీ, ఏది ఈనబోతోందో, ఏది మేత ముట్టలేదో నడక చూసి చెబుతాననీ తడబడకుండా చెప్పింది. అరవై ఇద్దరిలో ఒక్కరినే తీసుకున్నారు. ఆ ఒక్కరు నాగరాణి. రెండో పేరు అదే క్లాసు రిత్విక్‌ది, ఆమె రాకపోతేనే అతనికి. జనవరి మొదటి సోమవారం ఉద్యోగంలో చేరాలి.

నేను అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. ఆనందం పట్టలేక లోకల్ పేపరు విలేకరికి ఫోన్ చేశాను. అతనడిగినవన్నీ నేనే చెప్పాను. మర్నాడు జిల్లా పేజీలో నాగరాణి ఫొటో వచ్చింది. పైన పెద్ద అక్షరాల్లో "నూట ముప్పై రెండు గొర్రెల కాపరి బిడ్డకు కొలువు" అని వేశారు. ఆ ముక్క కత్తిరించి నోటీసు బోర్డుకు నేనే అంటించాను.

పది రోజుల తర్వాత పొద్దున్నే మా ప్యూన్ కృష్ణయ్య సైకిలు దిగుతూనే చెప్పాడు. "మేడం, మన నాగరాణోళ్ల మందను లారీ తొక్కిందంట. అలంపూర్ దిక్కు పోతాంటే, మంచుల కనవడలేదంట."

నేను వెళ్లేసరికి రోడ్డు కడిగేశారు. గోపయ్యను మహబూబ్‌నగర్ పెద్ద దవాఖానకు తీసుకుపోయారు, కుడికాలు మోకాలి కింద రెండుచోట్ల విరిగింది. బతికిన గొర్రెలను ఎవరో పక్కనున్న చేనులోకి తోలారు. అవి ఒకదాన్నొకటి ఒరుసుకుని నిలబడి అరుస్తున్నాయి. ఎన్ని పోయాయో, ఎన్ని మిగిలాయో నేను ఎవరినీ అడగలేదు. నాగరాణి వాటి మధ్యలో నిలబడి ఒక్కొక్కదాని ముఖం పట్టుకుని చూస్తోంది. నన్ను ఒకసారి చూసి, మళ్లీ గొర్రెల వైపు తిరిగింది.

చేరాల్సిన సోమవారానికి రెండు రోజుల ముందు, శనివారం వాళ్ల ఊరికి వెళ్లాను. పిల్ల ఉద్యోగం మానుకుంటుందేమోనని నా భయం. ఎలాగైనా ఒప్పించి పంపాలని వెళ్లాను.

గోపయ్య ఇంటి ముందు నులకమంచం మీద ఉన్నాడు. కాలికి కట్టు. నన్ను చూసి లేవబోయాడు.

"పండుకో గోపయ్యన్నా, లేవకు," అన్నాను.

"నువ్వన్న చెప్పు మేడం దీనికి. నౌకరికి పొమ్మంటే పోనంటాంది. నాకేమైంది, కాలేగ పోయింది. మిగిలిన జీవాలను అమ్ముత. రేపు బేరగాడు వస్తాండు. ఇది మంచిగ పోయి నౌకరి చేసుకుంటే నాకు గంతే చాలు."

చెబుతున్నంతసేపూ అతని చూపు దొడ్డి మీదే ఉంది. అమ్ముతా అన్నప్పుడు మాత్రం కళ్లు మూసుకున్నాడు. గడపలో కూర్చున్న అండాలవ్వ నా వైపు ఒకసారి చూసి ముఖం తిప్పుకుంది.

నాగరాణి దొడ్డి దగ్గర ఒక గొర్రెపిల్లకు సీసాతో పాలు పడుతోంది. తల్లి పోయిందని అడగకుండానే తెలిసింది.

"ఎందుకు పోవు?" అన్నాను. నా గొంతు అప్పుడు కూడా ముల్లుగర్రలాగే ఉంది. "మీ చిన్నాయిన లేడా? వీటిని ఆయన చూసుకోడా?"

"నాలుగు రోజులు చూసిండు మేడం. ఆయన మంద ఆయనకుంది. జీతగాన్ని పెడితే వానికేమియ్యాలె?"

"మీ నాయిన అమ్ముతనంటాండు గద."

"అమ్మితే నాయిన బతకడు మేడం. మొన్న దవాఖానల మత్తుల గూడ వాటినే పిలిచిండు. ఒక్కొక్కదాని పేరు పెట్టి పిలిచిండు."

మనసులో ఉన్నది అనేశాను. "అంకె చెప్పినందుకే గిట్లయిందని అనుకుంటున్నవా? డిగ్రీ చదివినవు నాగరాణీ. లారీ డ్రైవర్‌కు నీ లెక్క తెలుసా?"

"తెల్వదు. దిష్టి తగిలి లారీ వచ్చిందని నేననుకుంటలేను మేడం." ఆమె పిల్లను కింద దించింది. "గాని పేపర్ల వచ్చినంక ఊరంత మా ఇంటికొచ్చిన్రు. గన్ని జీవాలున్నయా, గన్ని జీవాలున్నయా అని. నాయిన నన్నొక్క మాటన్లే. యేటా శివరాత్రి ముంగట మేతకు కదుల్తం మేము. మంచు పోయినంక. ఈసారి ఊరి కండ్లు పడ్డయి, గీడ ఉండొద్దని తెల్లారకముందే మందను తోలిండు. మంచు కాలమని చెప్పిన. ఇన్లే."

దొడ్డికంప పక్కన రాయి మీద కూర్చున్నాను. దిష్టిని నేను నమ్మను. కానీ గోపయ్య నమ్ముతాడు, నమ్మే మనిషి ఇంటి లెక్కను నేను పేపరుకెక్కించాను. మంచులో హైవే మీదికి ఆ మందను తోలింది నేనే. ఆ మాట ఎవరూ నన్ననలేదు. అని ఉంటే కాస్త నయంగా ఉండేది.

"నన్ను మాఫ్ చెయ్యి బిడ్డా," అన్నాను.

"అట్లనకున్రి మేడం. మీరు నా మంచికే చెప్పిన్రు." కొంగుతో చేతులు తుడుచుకుంది. "నాయిన నన్ను ఒక్కటి అడుగుతడు. నా కోసం నౌకరి ఇడిసినవా అని జీవితమంత అడుగుతడు. అడగకుంట నేనొకటి చేస్త. మీరు ఏం అనొద్దు."

ఇంటిముందుకొచ్చి, తండ్రి మంచం పక్కన నిలబడే ఫోన్ తీసి కంపెనీకి కలిపింది. గోపయ్య మోచేతి మీద లేచి బిడ్డ ముఖంలోకి చూస్తున్నాడు. ఆ ఇంట్లో ఇంగ్లీషు తెలిసింది మా ఇద్దరికే.

"గుడ్ మార్నింగ్ సార్," అంది నాగరాణి. ఇంగ్లీషులోనే తన పేరు, ఊరు, ఎంపికైన తేదీ చెప్పింది. తనకు ఈ అవకాశం ఇచ్చినందుకు రుణపడి ఉంటానంది. ఇంటి పరిస్థితుల వల్ల చేరలేకపోతున్నాననీ, ఆలస్యంగా చెబుతున్నందుకు క్షమించమనీ అంది. అవతలివాళ్లు ఇంకో నెల గడువు ఇస్తామన్నట్టున్నారు. "మీ దయ సార్. కానీ నెల తర్వాత కూడా నా జవాబు ఇదే. మిమ్మల్ని ఎదురుచూసేలా చేయడం న్యాయం కాదు. నా తర్వాత పేరు రిత్విక్‌ది. బాగా పనిచేస్తాడు, అతన్ని పిలవండి," అంది. చివర ధన్యవాదాలు చెప్పి, అవతలివాళ్లు పెట్టేదాకా ఆగి ఫోన్ దించింది.

ఇన్నేళ్లలో నా విద్యార్థులెవరూ అంత బాగా మాట్లాడగా నేను వినలేదు. ఒక్క మాట తడబడలేదు, ఒక్క మాట ఎక్కువ కాలేదు. నేను గోడకానుకుని నిలబడ్డాను.

"ఏమన్నరు బిడ్డా?" అన్నాడు గోపయ్య.

"వద్దన్నరు నాయిన."

"ఎందుకట?"

"నా మాట మంచిగ లేదంట. ఇంకెవరినో తీసుకున్నరంట."

గోపయ్య చేయి చాపి బిడ్డ చేయి పట్టుకున్నాడు. "పోనీ తియ్యి. ఫికర్ చెయ్యకు. రేపు బేరగాన్ని రావద్దని చెప్పు. ఇంట్ల నువ్వుంటే జీవాలను అమ్ముడెందుకు?" దవాఖాన నుంచి వచ్చాక ఆ గొంతులో ప్రాణం ఉండటం అదే మొదటిసారని అండాలవ్వ ముఖం చూస్తే తెలిసింది.

అప్పుడు నా వైపు తిరిగాడు. కోపం లేదు, తిట్టాలనీ లేదు. బిడ్డకు దెబ్బ తగిలిన తండ్రి ఉండబట్టలేక అన్నాడు.

"నువ్వన్న జర మంచిగ నేర్పాల్సుండె మేడం. తల్లి లేని పిల్ల. దానికి మాట ఎవరు నేర్పుతరు?"

నాగరాణి నన్నే చూస్తోంది, చెప్పొద్దని.

"అవును గోపయ్యన్నా," అన్నాను. "నేనే మంచిగ నేర్పలే."