ఓడలరేవు బ్రాంచికి జనమే రావట్లేదట

2009లో ఓడలరేవు బ్రాంచి మేనేజరు గారు, ఊళ్లో అందరికీ ఫోన్ బ్యాంకింగ్ నేర్పమని క్లర్కు సలోమికి చెప్పారు. చెబితే ఊరుకునే మనిషా ఆవిడ? చేపలరేవుకీ, గ్యాస్ ప్లాంటు గేటుకీ, చర్చి వాకిట్లోకీ తిరిగి, కనబడ్డవాళ్ల ఫోన్లు లాక్కుని మరీ నేర్పింది. ఏడాది తిరిగేసరికి ఖాతాలో ఎంతుందో చూసుకోవడం, ఎవరికైనా డబ్బు పంపడం సగం ఊరికి ఫోన్లోనే అయిపోతోంది.

అలాంటిది, ఇవాళ తనిఖీకొచ్చిన రీజినల్ ఆఫీసరు ప్రభాకరరావు గారు బోసిపోయిన హాలు చూసి, టీ తాగుతూ తాపీగా, "ఈ బ్రాంచి మూసేసి అమలాపురంలో కలిపేద్దామమ్మా. జనమే రావట్లేదు," అన్నారు.

సలోమికి ఒళ్లు మండిపోయింది.

"రావద్దు, ఫోన్లో చేసుకోండని చెప్పించింది మీరే కదండీ. దాంతో ఖర్చు తగ్గి లాభం పెరిగిందని మొన్న మీరే సర్క్యులర్ పంపేరు."

"పెరిగిందమ్మా. కానీ ఫోన్లో జరిగేదంతా హెడ్డాఫీసు లెక్కలోకి పోద్ది. మీ లెక్కలో మీ జీతాలూ, ఈ బిల్డింగు అద్దే మిగుల్తాయి."

"అయితే పురిటినొప్పులు మావీ, బారసాల మీదీనాండి?"

మేనేజరు గారు గట్టిగా దగ్గారు. ప్రభాకరరావు గారు నవ్వేసి, కాగితం మీద నాలుగు ముక్కలు రాసుకుని కారెక్కడానికి లేచారు.

నవ్వుతాడేం ఈయన? చేపలమ్మిన నోట్లు ఏ ఫోన్లో కుక్కుతారు? అవి కట్టడానికి ఆడవాళ్లంతా రోజూ అమలాపురం బస్సెక్కాలా? అసలు ఈ వేళకి వాళ్లు రావాలే, ఏరీ? సలోమి విసురుగా వరండాలోకొచ్చింది. ఎదురుగా సైకిల్ షాపు నీడలో బుట్టలు పక్కన పెట్టుకుని బుద్ధిగా కూర్చున్నారందరూ.

"లోపలికి రాలేదేం లోవమ్మగారూ?"

"పెద్దాఫీసరుగారొచ్చేరంట కదండి. ఈ నీచు కంపుతో ఆయనకి అడ్డమెందుకని ఆగేవండి, ఆయ్. ఆయనెల్లేక కడతాం."

సలోమికి ఏడుపొచ్చినంత పనైంది. లోపల జరిగిందంతా గుక్కతిప్పుకోకుండా చెప్పేసింది. లోవమ్మ లేచింది. అమ్ముడవగా మిగిలిన చేపలతో ఉన్న బుట్ట ఎత్తుకెళ్లి, కదలబోతున్న కారు ముందు దించింది. డ్రైవరు హారన్ కొట్టాడు. వెనకే ఇంకో బుట్ట, దాని పక్కన మరోటి.

"దిగండి బాబుగారూ," అంది లోవమ్మ. "మేం రావట్లేదని రాసేరంట. మీ మీద మర్యాదకే ఆగేవండి. ఇప్పుడు సూసి రాయండి."

ఎండకి చేపలు వాసనేస్తున్నాయి. ప్రభాకరరావు గారు కారు దిగి, ఆ కాగితం మీద రాసింది తన చేత్తోనే కొట్టేసేదాకా ఒక్క బుట్టా కదల్లేదు.