గట్టిమేళం వేళకు అరటి దవ్వ

నేను ఒక అరటి దవ్వని. గెల కొట్టేశాక చెట్టును నరికి పక్కన పడేస్తారు చూడండి, ఆ బోదెను పొర తరవాత పొర ఒలుచుకుంటూ పోతే చివరికి తెల్లగా, చల్లగా, మణికట్టంత లావున మిగిలేదాన్ని. గెల బరువంతా నెలల తరబడి మోసింది నేనే. అయినా బండెక్కి ఊళ్లు చూసేది గెల, గట్టు మీద ఎండిపోయేది నేను. మనుషుల పద్ధతి అంతే, నేనేమీ అనుకోను.

నన్ను గట్టు మీద నుంచి తీసి తడిగుడ్డలో చుట్టి, తన తమ్ముడింటికి తెచ్చింది అచ్చియ్యమ్మ. ఆ తమ్ముడు గవర్రాజు సన్నాయి వాయించే మనిషి. కోనసీమలో ఆ చుట్టుపక్కల అతని సన్నాయి లేకుండా పెళ్లి జరిగితే, ఆ పెళ్లి గురించి జనం కొంచెం గొంతు తగ్గించి మాట్లాడుకునేవారట. అలాంటివాడు వానాకాలంలో టైఫాయిడ్‌తో మంచాన పడ్డాడు. ఘాటైన మాత్రలు జ్వరాన్ని తరిమేశాయి కాని, పోతూ పోతూ కడుపులో మేలు చేసే సూక్ష్మజీవుల్లో కూడా చాలామందిని వెంటబెట్టుకుపోయాయి. అప్పటి నుంచి ఏం తిన్నా ఉబ్బరం. సన్నాయికి ఊపిరి పొట్టలోంచి రావాలి. రాగం అందుకునేసరికి అతని పొట్ట బిగుసుకుపోయేది, ఊపిరి తెగిపోయేది.

అచ్చియ్యమ్మ మనవరాలి పెళ్లి దగ్గరికొచ్చింది. తాళి కట్టే వేళ గట్టిమేళం ఆగకూడదు.

"వేరే మేళం చూసుకో అక్కా. మధ్యలో ఊపిరాగిపోతే పిల్ల పెళ్లిలో నేనే అపశకునం అయిపోతాను" అన్నాడు గవర్రాజు, గోడకు తగిలించిన సన్నాయి సంచీ వైపు చూడకుండా.

"నోర్ముయ్. దాని బారసాలకి నువ్వే ఊదావు, పెళ్లికీ నువ్వే ఊదుతావు" అంది అచ్చియ్యమ్మ. తరవాత మరదలి వైపు తిరిగింది. "ఏం పెడుతున్నావే వీడికి?"

మాణిక్యం గిన్నె మూత తీసి చూపించింది. గుడ్డలో వడకట్టిన జావ. పక్కన మెత్తగా మెదిపిన అన్నం, పప్పు మీది తేట. జ్వరం ఉన్నప్పుడు డాక్టరు మెత్తటి తిండి పెట్టమన్నాడు. జ్వరం పోయాక, ఇక పీచున్న కూరలు కొద్దికొద్దిగా మొదలుపెట్టమని కూడా చెప్పాడు. మొదటి మాట మాణిక్యం మనసులో నాటుకుంది, రెండోది చెవి దాకా వచ్చి ఆగిపోయింది. పొట్లకాయ వండినా గుజ్జు పిండి పిప్పి పారేసేది. అంత ప్రేమగా పస్తు పెట్టడం మనుషులకే చేతనవుతుంది.

"ఆ జ్వరంలో ఈయన్ని నువ్వు చూళ్లేదొదినా. ఒళ్లు కాలిపోతుంటే నేనొక్కదాన్నే కూచున్నాను. పీచు పేగుకి గుచ్చుకుంటాదేమోనని నా భయం."

"గుచ్చుకోడానికి అదేవన్నా చేప ముల్లా? ముందు కత్తిపీట ఇలా పట్రా."

నన్ను సగానికి కోశారు. ఒక సగం తిరిగి తడిగుడ్డలోకి పోయింది. రెండో సగాన్ని మాణిక్యం చక్రాలుగా తరిగింది. చక్రం తెగినప్పుడల్లా నా ఒంట్లోంచి సన్నని దారాలు సాగుతాయి. వాటిని చూపుడువేలికి చుట్టుకుంటూ లాగేయాలి. వేలికి తెల్లటి ఉంగరంలా పేరుకున్న ఆ నారను పారేయకుండా గోడ మీద ఆరబెట్టింది. ఎండాక దీపానికి వత్తులు చేస్తారు. నాలోని గట్టి పీచు అలా దీపం దారి పట్టింది. మెత్తటి పీచు మజ్జిగ నీళ్లలో మునిగి, పెసరపప్పుతో ఉడికి, కంచంలోకి వచ్చింది.

ఇన్నాళ్లకు పంటికి తగిలే కూర దొరికిందని గవర్రాజు రెండుసార్లు వడ్డించుకున్నాడు.

లోపలి సంగతి చెబుతాను. జీర్ణాశయంలో పులుపు నన్ను నానబెట్టింది కాని కరిగించలేకపోయింది. చిన్నపేగులో అన్నం, పప్పు ఒక్కొక్కటే కరిగి రక్తంలోకి దిగిపోయాయి. నన్ను మాత్రం ఎవరూ పట్టించుకోలేదు. మనిషి ఒంట్లో నన్ను విప్పే తాళంచెవి లేదు. అది పెద్దపేగులో కాపురం ఉండే సూక్ష్మజీవుల దగ్గర ఉంటుంది. అక్కడికి చేరేసరికి నాకు జాలేసింది. తిరనాళ్లలా ఉండాల్సిన చోట అక్కడొకటి, ఇక్కడొకటి. తిండి లేక కొన్ని ఏకంగా పేగు గోడ మీది జిగురు పూతనే గీక్కుని తింటున్నాయి. ఇల్లు గడవక ఇంటి గోడలే తినడమన్నమాట.

నన్ను చూడగానే అవన్నీ చుట్టుముట్టాయి. అదొక మేళం పనిలాగే ఉంది. ఒక రకం నా పొడుగాటి పోగును ముక్కలు చేసింది. ఆ ముక్కల్ని ఇంకో రకం అందుకుంది. అది వదిలిన పులుపును మరో రకం తిని వేరే పులుపుగా మార్చింది. ఆ చివరి పులుపే పేగు గోడకు అన్నం. అన్నాళ్లుగా ఆకలితో ఉన్న గోడ దాన్ని పీల్చుకుంది.

అయితే ఈ పనిలో గాలి కూడా పుడుతుంది. అలవాటు తప్పిన కడుపు, దానికి తోడు రెండు వడ్డనలు. సాయంత్రానికి గవర్రాజు పొట్ట డోలు అయింది.

"చూశావా ఒదినా! నే చెప్తే విన్నారా?" మాణిక్యం కళ్లలో నీళ్లు. తడిగుడ్డలో ఉన్న నా సగాన్ని తీసి పెరట్లోకి విసరబోయింది.

అచ్చియ్యమ్మ ఆ చెయ్యి పట్టుకుంది. "ఆగవే. మూలపడ్డ బండిని కదిలిస్తే కిర్రుమనదా? తప్పు కూరది కాదు, వీడి కక్కుర్తిది. రేపు ఒక్క గరిటె పెట్టు. ఒంటికి పడితే మర్నాడు ఇంకో పిసరు." తమ్ముడి వైపు తిరిగి, "ఏరా, ఆ గాలేదో సన్నాయిలోకి ఊదరాదూ, ఊరికే పోతంది!" అంది.

మాణిక్యం ఏడుస్తూనే నవ్వేసింది. తడిగుడ్డ మళ్లీ చుట్టింది.

మర్నాడు ఒక్క గరిటె. ఆ మర్నాడు ఇంకాస్త. నేను అయిపోయాక చిక్కుళ్లు, ఉలవలు, తోటకూర వంతులేసుకుని వచ్చాయి. జావ వడకట్టే గుడ్డ పొయ్యి దగ్గర మసిగుడ్డగా మారింది. లోపల జనం పెరిగారు, గోడ మీద జిగురు పూత తిరిగి మందమైంది. ఇదేదో నా ఒక్కదాని ఘనత అనను. నేను తలుపు తట్టాను, అంతే. ఒకరోజు పొద్దున్నే గవర్రాజు సన్నాయి సంచీ దులిపాడు. పెరట్లో కూర్చుని రాగం అందుకున్నాడు. మధ్యలో తెగింది. నీళ్లు తాగి మళ్లీ అందుకున్నాడు. మాణిక్యం గిన్నెలు తోమడం ఆపి వింటూ నిలబడిపోయింది.

ఇప్పుడు నేను పెళ్లి పందిట్లో ఉన్నాను. మాణిక్యం గోడ మీద ఆరిన నా నారను పేని, వత్తి చేసి, వేదిక పక్కన దీపంలో వేసింది. కుందిలో నూనె అడుగంటుతోంది, నాకు ఇంకెంతో సేపు లేదు. పెళ్లికొడుకు తాళి ఎత్తాడు. ఎవరో "గట్టిమేళం, గట్టిమేళం" అని చెయ్యి ఊపారు. అచ్చియ్యమ్మ మనవరాలి వైపు చూడటం లేదు, తమ్ముడి బుగ్గల వైపే చూస్తోంది.

సన్నాయి లేచింది. మొదటి ముడి పడింది. రెండో ముడి పడింది. మూడో ముడి దగ్గర పెళ్లికొడుకు చెయ్యి తడబడి ఆలస్యమైంది.

సన్నాయి మాత్రం ఆగలేదు. ఆ ఊపిరి వస్తున్న చోటు నాకు తెలుసు. అక్కడా నేను కొంచెం వెలిగాను.