విరిగిన మందు

డ్రైవరుగారి తలలో బూజు చేరిందని డాక్టరమ్మ చెబితే ఆయన భార్యకి ముందు చిరాకే వేసింది. వారం వారం మూలమూలలా దులిపే ఇల్లాలు మరి.

"మా ఇంట్లోనే లేని బూజు ఈయన తలలోకెలా వచ్చిందండీ?"

"గాలిలో ఉంటుందమ్మా. శక్తి తగ్గిన ఒంట్లో, ఎప్పుడో ఎవరికో మెదడు పొరలదాకా పాకుతుంది. రెండు వారాలు రోజూ మందు ఎక్కించాలి. ఒక్కరోజు తప్పినా కష్టమే."

నెల్లాళ్ళ తలనొప్పి ఆయన్ని మంచాన పడేసింది. ఇప్పుడు కట్టుకున్న భార్యనే గుర్తుపట్టడం లేదు. ఆ మందు పనిచేస్తేనే మనిషి దక్కేది.

నాలుగోరోజు పొద్దున కొత్త నర్సు వచ్చింది. రాగానే డ్రైవరుగారి భార్య ఆమెని హెచ్చరించింది: "ఇదిగో అమ్మాయ్, ఈయనకి షుగరు. గ్లూకోజు సీసా పెట్టావంటే ఊరుకునేది లేదు."

నర్సు బెదిరిపోయి మందుని ఉప్పునీళ్ళ సెలైన్‌లో కలిపి తగిలించింది.

రోజూ లేత పసుపు రంగులో తేటగా ఉండే మందు ఆవేళ మసకబారింది. అడుగున సన్నటి పలుకులు పేరుకున్నాయి.

"ఏమ్మాయ్, మందు విరిగింది."

"విరగడానికి ఇదేమన్నా పాలా ఆంటీ?"

"పాతికేళ్ళుగా పాలు కాస్తున్నాను, విరిగినదేదో నాకు తెలీదూ? ముందు ఆపు!"

నర్సు నవ్వబోయి, సీసా చూసి, చటుక్కున గొట్టం మర బిగించి ఆపేసింది. మందు ఇంకా చేతిదాకా చేరలేదు.

పిలవగానే పెద్ద సిస్టరు పరిగెత్తుకొచ్చింది. "ఉప్పునీళ్ళలో కలిపావా? ఇది గ్లూకోజులోనే కలపాలని చీటీలో రాసుందిగా!"

నర్సు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఆ పిల్లని ఏమీ అనకండి. బెదిరించింది నేను," అంది డ్రైవరుగారి భార్య.

"షుగరుకి ఇన్సులిన్ ఇస్తున్నామమ్మా. బూజుకి మాత్రం ఈ మందే దిక్కు."

గంట తిరక్కుండానే గ్లూకోజులో కలిపిన కొత్త సీసా వేలాడింది. ఇన్నేళ్ళూ ఆయనకి చెంచాడు పంచదార అందకుండా కాపలా కాసిన మనిషి, ఆ తీపినీళ్ళు ఆఖరి బొట్టు దిగేదాకా కదల్లేదు. మందు ఎక్కినప్పుడల్లా ఆయనకి వణుకు. దుప్పటి కప్పి, కాళ్ళు రుద్దుతూ కూర్చునేది. ఒక్కరోజు కూడా తప్పలేదు.

రెండు వారాలు నిండాక వెన్నులోంచి నీరు తీసి పరీక్షకి పంపారు. ఆయన కళ్ళు తెరిచి చూస్తున్నాడు గానీ నోరు విప్పలేదు. ఓ పొద్దున డాక్టరమ్మ కాగితం పట్టుకుని నవ్వుతూ వచ్చింది.

"బూజు జాడే లేదమ్మా! ఇక మాత్రలతో సరి."

మంచం మీంచి బొంగురు గొంతు లేచింది. "ఏమేవ్, డాక్టరమ్మగారు నుంచునే ఉన్నారు, కుర్చీ వెయ్యవేం?"

ఆమె గబగబా కుర్చీ లాగింది. లాగి, తానే అందులో కూలబడి, వార్డంతా వినబడేలా పకపకా నవ్వింది.